కోదాడ అడ్డా మీది పదకొండు గుర్రాలు

సూర్యాపేట పశువుల దవాఖానలో చేరిన నాడు నాకు ఇరవై అయిదేళ్లు. పోలీసు చర్య జరిగిన మరుసటి సంవత్సరం అది. అంతకు ముందు రెండేళ్లు పట్నంలో ఒక పెద్ద గుర్రపుశాలలో పనిచేశాను. ఆ శాల మూతపడితే నన్ను ఇటు పంపించారు. పళ్లు చూసి గుర్రం వయసు, నడక చూసి దాని నొప్పి చెప్పగలనని నాకు నమ్మకం ఉండేది. కొంచెం గర్వం కూడా ఉండేది. ఆ గర్వం దిగిపోవడానికి సూర్యాపేటలో ఒక్క వారం పట్టింది.

దవాఖాన అంటే రెండు గదులు, ముందర గుర్రాన్ని కదలకుండా నిలబెట్టడానికి పాతిన నాలుగు గుంజలు. వాటిలో రెండింటిని చెదలు తిన్నాయి. బీరువాలో సీసాలున్నాయి గానీ వాటి మీద ఉర్దూలో రాసి అంటించిన చీటీలు సగం చెరిగిపోయాయి. ఏ సీసాలో ఏముందో మూత తీసి వాసన చూసి కనిపెట్టాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, వాటి చుట్టుపక్కల ఊళ్లు మొత్తం నా కిందే. అంత ప్రాంతం తిరగడానికి నాకు దొరికింది వెనక బ్రేకు లేని ఒక సైకిలు. మందులు కావాలని పట్నంలోని ఆఫీసుకు ఉర్దూలో రాస్తే, ఇప్పుడు ఇంగ్లీషులో రాయాలని కాగితం తిరిగి వచ్చేది. ఇంగ్లీషులో రాస్తే, అక్కడి పాత గుమాస్తాకు అది చదవరాక పక్కన పెట్టేవాడు. మూడు నెలలు నేను అయోడిన్ కోసం ఉత్తరాలు రాశాను. చివరికి అయోడిన్ బదులు ఒక బస్తా సున్నం వచ్చింది.

జనం బర్రెలను తెచ్చేవాళ్లు, మేకలను తెచ్చేవాళ్లు. ఒక ముసలమ్మ చీర చెంగులో కోడిపెట్టను కూడా తెచ్చింది. గుర్రాలు మాత్రం రావు. గుర్రానికి ఏమొచ్చినా బజారు చివర నాడాలు కొట్టే ముసలాయన దగ్గరికే తీసుకుపోయేవాళ్లు. నాల్‌బందు తాత అంటే ఊళ్లో తెలియనివాళ్లు లేరు. అరవై దాటిన మనిషి, మెహందీ పెట్టిన గడ్డం. బతుకంతా మోకాళ్ల మధ్య గుర్రం డెక్క ఇరికించుకుని పనిచేసి నడుం అట్లాగే వంగిపోయింది. కుంటితే వాత పెట్టేవాడు, దగ్గితే వాత పెట్టేవాడు, మేత ముట్టకపోయినా వాతే. ఊళ్లో ఏ టాంగా గుర్రాన్ని చూసినా ఒంటి మీద ఆయన కాల్చిన గీతలు కనపడేవి.

నేను ఉండబట్టలేక ఒక రోజు పోయి, ఇట్లా కాల్చడం తప్పు, చదువుకున్నవాళ్లం మేమున్నాం, గుర్రాలను మా దగ్గరికి పంపాలని గట్టిగా చెప్పాను. ఆయన సాంతం విన్నాడు. చేతిలో ఉన్న డెక్క నెమ్మదిగా కింద పెట్టి అన్నాడు.

"సాబ్, మీకు మీ సూది ఉన్నది, నాకు నా ఇనుము ఉన్నది. గుర్రం ఏది అడిగితే అది ఇద్దాం."

కొన్ని వారాల తర్వాత మిర్యాలగూడ నుంచి ఒక వడ్ల వ్యాపారి కబురు పంపాడు. ఆయన గుర్రం ముందరి కాలు కింద పెట్టలేకపోతోంది. భుజం మీద అప్పటికే రెండు సార్లు వాతలు పడ్డాయి, పసరు కట్లు పడ్డాయి, తాయెత్తు కూడా కట్టారు. నేను భుజం వదిలేసి డెక్క పట్టుకున్నాను. వేడిగా ఉంది. నాడా ఊడదీసి అరికాలు చెక్కితే నల్లటి చీము చిమ్మింది, దాని వెనకే విరిగిన మేకు ముక్క వచ్చింది. నాడా కొట్టినప్పుడు మేకు తప్పుదారిన లోపలికి దిగి అక్కడే విరిగింది. మూడో రోజుకు గుర్రం నాలుగు కాళ్ల మీద నిలబడింది. నాడా ఎవరు కొట్టారని వ్యాపారి అడిగాడు. నాకు తెలుసు. చూసి చెప్తానని మాట దాటేశాను.

సూర్యాపేట వచ్చాక ఆ మేకు ముక్కను కాగితంలో చుట్టి, పక్కన ఎవరూ లేనప్పుడు నాల్‌బందు తాత చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. మళ్లీ కాగితంలోనే చుట్టి జేబులో వేసుకున్నాడు. మరునాడు పొద్దున నేను దవాఖానకు వచ్చేసరికి, చెదలు తిన్న రెండు గుంజలు పోయి కొత్త గుంజలు పాతి ఉన్నాయి. ఆ తర్వాత ఆయనే అప్పుడప్పుడు ఒక గుర్రాన్ని నా దగ్గరికి పంపేవాడు. వాటి ఒంటి మీద కొత్త వాతలు ఉండేవి కావు.

అసలు సంగతి ఆ వానాకాలం చివర మొదలైంది.

ఆ రోజుల్లో కోదాడలో రోడ్డు పక్కన పదకొండు టాంగాల అడ్డా ఉండేది. బెజవాడ రోడ్డున పోయే బస్సులు ఎప్పుడొస్తాయో, వచ్చినా ఆగుతాయో లేదో ఎవరికీ తెలియదు. చుట్టుపక్కల ఊళ్లకు గర్భిణులు పోవాలన్నా, జబ్బుపడ్డవాళ్లు రావాలన్నా, అంగడికి మిరపకాయలు చేరాలన్నా ఆ పదకొండు టాంగాలే దిక్కు. ఒక రోజు మా జిల్లా పశువైద్యశాఖ పెద్దాఫీసరు జీపులో బెజవాడ నుంచి తిరిగి వస్తూ అక్కడ చాయ కోసం ఆగాడు. అడ్డాలో నాలుగు గుర్రాలకు ముక్కుల వెంట చీమిడి కారడం చూశాడు. ఒక ముసలి తెల్లగుర్రం ముక్కులో పుండు చూశాడు. చాయ తాగకుండానే జీపెక్కాడట.

రెండో రోజు నాకు హుకుం వచ్చింది. కోదాడ గుర్రాలకు గ్లాండర్స్ సోకినట్టుంది, అడ్డా మూయించాలి, పది రోజుల లోపల పదకొండింటినీ కాల్పించి సున్నం పోసి పాతిపెట్టాలి. తుపాకీతో ఒక జవానును పోలీసు ఠాణా నుంచి తీసుకోవాలి. దగ్గరుండి జరిపించాల్సింది నేను.

గ్లాండర్స్ అంటే గుర్రాల డాక్టర్లకు వెన్నులో వణుకు పుట్టే మాట. ముక్కులో పుండ్లతో మొదలై ఊపిరితిత్తుల దాకా పోతుంది. మందు లేదు. ఒక గుర్రం నుంచి మరో గుర్రానికే కాదు, మనిషికి కూడా అంటుతుంది. అంటితే అప్పట్లో మనిషి బతికిన దాఖలా లేదు. అందుకే చట్టం కాల్చెయ్యమంటుంది. హుకుంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అది నిజంగా గ్లాండర్స్ అయితే.

నేను అదే రోజు బస్సు పట్టుకుని కోదాడ పోయాను. నాకంటే ముందే వార్త అక్కడికి చేరింది. టాంగాలన్నీ నొగలు నేలకు ఆనించి ఉన్నాయి. ఒక్కొక్క గుర్రం ముందర ఒక్కొక్క మనిషి నిలబడి ఉన్నాడు. తెల్లగుర్రం యజమాని వాళ్లందరిలో పెద్దవాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. అందరి తరఫున ఆయనే ముందుకొచ్చాడు.

"చూడండి దొరా, బాగా చూసి చెప్పండి. అది చచ్చే రోగమే అయితే మా చేత్తో మేమే తోలుకొచ్చి ఇస్తాం. కాకపోతే మాత్రం మమ్మల్ని దాటే వాటి దగ్గరికి పోవాల."

సాయంత్రం దాకా పదకొండు గుర్రాలనూ చూశాను. జబ్బుపడ్డ నాలుగింటిలో మూడు లేత వయసువి. వాటిలో ఒక ఎర్ర ఆడగుర్రానికి మరీ ఎక్కువగా ఉంది. జ్వరం, దవడల కింద కోడిగుడ్డంత గడ్డ. ముట్టుకుంటే వేడిగా ఉంది, గుర్రం తల విదిలించింది. గ్లాండర్స్ గడ్డ గట్టిగా, చల్లగా ఉంటుంది, నొప్పి ఉండదు. ఇది వేరే జబ్బని, లేత గుర్రాలకు వచ్చి గడ్డ పగిలి తగ్గిపోయే గొంతుగడ్డ అని నా మనసు చెప్పింది. కానీ నాలుగోది ఆ తెల్లగుర్రం. దానికి గొంతు కింద గడ్డ లేదు. అద్దంతో ఎండను ముక్కులోకి కొట్టి చూస్తే లోపల ఎర్రగా ఒరిసిన పుండు, నెత్తురు చారలు కనిపించాయి. వెనక కాలు లోపలివైపు, గ్లాండర్స్‌లో వచ్చేలాంటి ఒక గట్టి బుడిపె కూడా ఉంది. అది గొంతుగడ్డ కాదు. మరి ఏమిటో నాకు తెలియదు. మూడింటి సంగతి ధైర్యంగా చెప్పగలను గానీ ఆ ఒక్కటి నా నోరు నొక్కేసింది.

పెద్దాఫీసరు ఆ వారం మిర్యాలగూడ బంగళాలో మకాం ఉన్నాడని తెలిసింది. ఉత్తరాల మీద నాకు నమ్మకం పోయి చాలా కాలమైంది. ఎదురుగా మాట్లాడాలనుకున్నాను. తెల్లారగానే ఒక టాంగావాలా దగ్గర సైకిలు తీసుకుని హుజూర్‌నగర్ మీదుగా బయలుదేరాను. బండ్ల బాట, వానలకు కోసుకుపోయిన గాడులు. మూసీ నిండుగా పారుతోంది. సైకిలు పుట్టిలో వేసుకుని దాటాను. పుట్టి నడిపే మనిషి నా సంచి చూసి నేనెవరినని అడిగి తెలుసుకున్నాడు. తన మేకకు పొదుగు వాచిందన్నాడు. ఏటి నడిమధ్యన దానికి వైద్యం చెప్పి అవతలి ఒడ్డున దిగాను. మిర్యాలగూడ చేరేసరికి ఎండ పడమటికి తిరిగింది, నా బట్టలకు నడుం దాకా బురద.

పెద్దాఫీసరు కోస్తా వైపు నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినాయన. నన్ను ఆ అవతారంలో చూసి ముందు మంచినీళ్లిప్పించాడు. నేను చెప్పింది విని, కుర్చీ దగ్గరికి జరుపుకుని, తను యుద్ధం రోజుల్లో పటాలంలో పనిచేసిన సంగతి చెప్పాడు. అక్కడ ఒక గుర్రానికి ఇదే జబ్బు. మామూలు జలుబేనని తను ఒక వారం ఉపేక్షించాడు. ఆ గుర్రాన్ని సాకే మనిషికి అంటుకుంది. పద్దెనిమిది రోజులు తన కళ్ల ముందు కుళ్లి చనిపోయాడు.

"నేను ఆ వారం రోజుల్ని వెనక్కి తెచ్చుకోలేను. మీరు మళ్లీ అదే వారం అడుగుతున్నారు," అన్నాడు.

నేను ఉపేక్షించమని అడగడం లేదు, పరీక్ష చేయనివ్వమని అడుగుతున్నానని అన్నాను. మాలిన్ అని ఒక మందుంది. దాన్ని గుర్రం కింది రెప్పలో సూదితో ఒక చుక్క ఎక్కించాలి. గ్లాండర్స్ ఉంటే రెండు రోజుల్లో ఆ కన్ను వాచి మూసుకుపోయి చీము పడుతుంది. లేకపోతే కన్ను మామూలుగానే ఉంటుంది. ఆయన పరీక్షకు ఒప్పుకున్నాడు. గడువు మాత్రం అదే పది రోజులన్నాడు, అడ్డా అంతవరకూ మూసే ఉండాలన్నాడు. ఒక్క కన్ను వాచినా ఆ తర్వాత మారు మాట ఉండకూడదన్నాడు. సరేనన్నాను.

సూర్యాపేట వచ్చి, పట్నం పోయే బస్సు డ్రైవరు చేతికి చీటీ ఇచ్చి మాలిన్ తెప్పించమన్నాను. రెండు రోజులకు ఒక పెట్టె వచ్చింది. విప్పితే పశువుల ముసర రోగానికి వేసే టీకా. అది గుర్రాలకు పనికిరాదు. ఆ పెట్టె ముందర పెట్టుకుని నేను ఏడవడం ఒక్కటే తక్కువ. నాల్‌బందు తాత గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఇగ కాగితాలు చాలు, పోయి పట్టుకరారాదు సాబ్, అన్నాడు. ఆ పెట్టెను ఒడిలో పెట్టుకుని తర్వాతి బస్సుకే పట్నం పోయాను. మందు చేతికిచ్చేదాకా కదలనని మందులు పంపే ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. ఒక గుమాస్తా ఇంగ్లీషులో అర్జీ రాయమన్నాడు, రాశాను. ఇంకొకాయన ఉర్దూలో అడిగాడు, అదీ రాశాను. మధ్యాహ్నానికి చిన్న సీసాలు రెండు నా చేతిలో పెట్టారు.

ఏడో రోజు పొద్దున కోదాడలో బస్సు దిగేసరికి నాల్‌బందు తాత అడ్డాలో కూర్చుని ఉన్నాడు. నేను పిలవలేదు. పదకొండు గుర్రాల కళ్లలో సూదులు పెట్టాలంటే పట్టుకునే మనిషి కావాలి కదా అన్నాడు. పైపెదవికి తాడు మెలిపెట్టి ఆయన గుర్రం చెవిలో ఏదో అంటుంటే ఎంత పొగరుబోతు గుర్రమైనా రెప్ప కొట్టకుండా నిలబడింది. మధ్యాహ్నం లోపల పదకొండింటికీ ఎడమ కంటి రెప్పలో మందు ఎక్కించాను. ఒక్క చుక్క వృథా కాలేదు. ఒక సీసాలో కొంచెం మిగిలింది.

ఎర్ర గుర్రం దవడ కింది గడ్డ అప్పటికి పండి మెత్తబడింది. అది ఊపిరి తీస్తుంటే గురక పెడుతోంది, ఇక ఆగితే గొంతు మూసుకుపోతుంది. కత్తితో గీశాను. చిక్కటి పసుపు చీము దోసెడు కారింది. అది మంచి గుర్తే. అయినా చేతులు కడుక్కుంటుంటే నా చూపుడు వేలి మీద సైకిలు గొలుసు గీసుకున్న పాత గాయం కనపడింది. తొడుగులు లేవు, మాకు ఎప్పుడూ లేవు. పటాలంలో చనిపోయిన ఆ మనిషి గుర్తొచ్చాడు. ఎవరికీ చెప్పకుండా వేలిని చాలాసేపు కడిగాను. అరగంట తర్వాత వెనక్కి తిరిగి చూస్తే ఎర్ర గుర్రం నానబెట్టిన ఉలవల తొట్టిలో మూతి పెట్టింది. అయిదు రోజుల తర్వాత తిన్న మొదటి మేత.

మరునాడు పొద్దున కళ్లు చూడడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు, ఎర్ర గుర్రం, దాని పక్కది. అన్నీ మామూలుగా ఉన్నాయి. పదో గుర్రం దాకా నా అడుగులు తేలికవుతూ వచ్చాయి. పదకొండోది తెల్లగుర్రం. ఎడమ కన్ను వాచి పూర్తిగా మూసుకుని ఉంది.

నేను రెప్ప విప్పి చూశాను. ఎర్రగా ఉంది, నీరు కారుతోంది, చీము లేదు. గ్లాండర్స్ వాపులో చీము ఉండాలి. కానీ ఒక్క రోజే కదా అయింది, రేపటికి రావచ్చు. రెప్ప కింద వేలు పెట్టి తుడిస్తే వేలికి పసుపుపచ్చగా ఏదో అంటింది. వాసన చూశాను. పసుపు, సున్నం.

యజమాని భార్య గుర్రం వెనక నిలబడి ఉంది. దాని మేత, నీళ్లు, మాలీసు అన్నీ ఆమే చూసుకునేది, ఆయన తోలడం వరకే. ఎవరైనా ఏమైనా రాశారా అని అడిగాను. ఆమె ముందుకొచ్చింది.

"నేనే రాశాను దొరా. సూది పొడిచిన కాడ దానికి మంటగా ఉంటదని రాశాను. తప్పయితే నన్ను అనండి, దాన్ని ఏమనకండి."

ఆమె భర్త తల పట్టుకుని కూర్చున్నాడు. నాకు కోపం రాలేదు. ఎవరు పసుపు, సున్నం కంట్లో రాసుకున్నా కన్ను వాస్తుంది. అయితే ఈ మాట నేను నమ్మినంత తేలికగా పెద్దాఫీసరు నమ్ముతాడా? ఆయన రేపే వస్తున్నాడు. ఆ వాపు తగ్గించి కనపడకుండా చెయ్యొచ్చని నాకు తెలుసు. చల్లటి తడిగుడ్డ రెండు గంటలు వేసి ఉంచితే చాలు. పక్కన ఒకరిద్దరు మెల్లగా ఆ మాటే అన్నారు. నేను కన్ను కడిగి, అంతకు మించి ముట్టుకోలేదు.

పెద్దాఫీసరు తొమ్మిదో రోజు పొద్దున జీపు దిగాడు. పది గుర్రాలను నాకంటే నిదానంగా చూశాడు. పదింటిలోనూ ఏమీ లేదన్నాడు. తెల్లగుర్రం దగ్గరికి రాగానే ఆగిపోయాడు. వాపు కొంచెం తగ్గింది గానీ ఇంకా కనపడుతోంది. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె కూడా వచ్చి చెప్పింది. ఆయన తల ఊపాడు. వాపు వచ్చిన ప్రతిసారీ దానికి ఏదో ఒక కారణం దొరుకుతుందని, పది గుర్రాలను వదిలేస్తున్నానని, ఈ ఒక్కదాన్ని మాత్రం కాల్చక తప్పదని అన్నాడు.

కుడి కన్ను ఉంది కదా అన్నాను. సీసాలో మందు మిగిలి ఉంది. ఆయన ఎదురుగానే కుడి కంటి రెప్పలో ఎక్కిస్తాను. గుర్రాన్ని అడ్డా పక్కన ఆయన దిగే కోదాడ బంగళా ఆవరణలోనే కడదాం, ఆయన కళ్ల ముందే ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. గడువు దాటి ఒక్క రోజు ఎక్కువ పడుతుంది. ఆ ఒక్క రోజు ఇవ్వమన్నాను.

"మీ వేలికి ఆ గాయం ఏమిటి?" అని అడిగాడు.

చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని వేలు అటూ ఇటూ తిప్పి చూశాడు. అంత నమ్మకం లేకుండా చీములో చెయ్యి పెట్టి ఉండవు, ఒక రోజు ఇస్తున్నాను అన్నాడు. అప్పటి నుంచి నన్ను నువ్వు అనడం మొదలుపెట్టాడు.

తెల్లగుర్రాన్ని బంగళా ముందర కట్టేశాం. కుడి కంట్లో మందు ఎక్కించాను. అయినా దాని ముక్కులో ఆ పుండేమిటో నాకు ఇంకా తెలియదు, అది తెలిసేదాకా పరీక్ష నెగ్గినా సగం నెగ్గినట్టే. మధ్యాహ్నం యజమాని భార్య దూరంగా కూర్చుని, ముక్కు నుంచి నెత్తురు చుక్కలు పడడం ఎప్పుడు మొదలైందో చెప్తోంది. వానలు పడ్డాక, కుంటలో నీళ్లు తాగించడం మొదలైన నాటి నుంచి అట. నేను ఆ మాటకు తలెత్తాను. నాల్‌బందు తాత కూడా తలెత్తాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"జలగ," అన్నాడాయన.

కుంటలో నీళ్లు తాగుతుంటే చిన్న జలగ ముక్కులోకి పాకి లోపల పట్టుకుంటుంది. నెత్తురు తాగి బలుస్తుంది, ఎక్కడ పట్టుకుంటే అక్కడ పుండు పడుతుంది. నేను అద్దంతో చూసినప్పుడు అది లోపలికి జరిగి ఉంటుంది. పుస్తకంలో చదివాను, ఎన్నడూ చూడలేదు. బయటికి రప్పించే ఉపాయం తాతకు తెలుసు. మరునాడు మధ్యాహ్నం దాకా గుర్రానికి చుక్క నీళ్లు ఇవ్వలేదు. ఆమెకు ప్రాణం ఒప్పలేదు గానీ ఓర్చుకుంది. ఎండ నడినెత్తికి వచ్చాక వెడల్పాటి గంగాళం నిండా చల్లటి నీళ్లు పోసి గుర్రం మూతి కింద పెట్టి, తాగకుండా తల కొంచెం పైకి పట్టుకున్నాం. పెద్దాఫీసరు కుర్చీ వదిలి వచ్చి నా భుజం పక్కన నిలబడ్డాడు.

కొద్దిసేపు ఏమీ లేదు. తర్వాత ఎడమ ముక్కు రంధ్రంలో నల్లగా ఏదో కదిలింది. నీళ్ల వాసనకు అది కొంచెం బయటికి సాగి, మళ్లీ లోపలికి పోయింది. రెండోసారి ఇంకా కిందికి సాగింది. నాల్‌బందు తాత వేళ్లకు బూడిద అద్దుకుని సిద్ధంగా ఉన్నాడు. ఒక్క పట్టు పట్టాడు. జారిపోకుండా మెల్లగా లాగి గంగాళంలో పడేశాడు. నా చిటికెన వేలంత పొడుగు, నెత్తురుతో ఉబ్బి ఉంది. గుర్రం పెద్దగా చీది, మూతి నీళ్లలో పెట్టబోయింది. ఆమె ఆ గంగాళం లాగేసి వేరే నీళ్లు తెచ్చి పెట్టింది. అది తాగుతూనే ఉంది.

పెద్దాఫీసరు వంగి జలగను చూశాడు. తన ముప్పై ఏళ్ల నౌకరీలో ఇది చూడలేదన్నాడు. మరి కాలి మీద బుడిపె ఏమిటని అడిగాడు. అది ఏడేళ్ల కిందట ఇంకో గుర్రం తన్నిన దెబ్బ అని తాత అన్నాడు. అప్పుడు వాత పెట్టింది తనేనని, గుర్తు చూసుకోమని చూపించాడు. బుడిపె పక్కనే పాత గీత ఉంది. పెద్దాఫీసరు నవ్వడం నేను మొదటిసారి చూశాను.

పదకొండో రోజు పొద్దున కుడి కన్ను చూశాం. ముందు ఆయన చూశాడు, తర్వాత నన్ను చూడమన్నాడు. కన్ను నల్లగా, తేటగా, పొద్దుటి వెలుగులో మెరుస్తూ ఉంది. రెప్ప మీద సూది గుర్తు కూడా లేదు. ఎడమ కన్ను వాపు కూడా దిగిపోయింది. ఆయన అక్కడే ఒక టాంగా సీటు మీద కాగితం పెట్టుకుని హుకుం రద్దు చేస్తున్నట్టు రాసి సంతకం పెట్టాడు. జబ్బు గుర్రాలు మూడూ తగ్గేదాకా విడిగా కట్టాలని, తెల్లగుర్రం వారం రోజులు బండి లాగకూడదని, కుంట నీళ్లు మానిపించాలని నన్ను రాసుకోమన్నాడు. తర్వాత తెల్లగుర్రం మెడ మీద చెయ్యి వేసి కొంచెంసేపు అట్లా నిలబడ్డాడు. ఆ పటాలం మనిషి ఆయన మనసులో ఉన్నాడేమో. నేను అడగలేదు.

ఆ రోజు కోదాడ అంగడి. పది రోజులుగా గంపలు నెత్తిన పెట్టుకుని నడుస్తున్న ఆడవాళ్లు రోడ్డు మీద వస్తున్నారు. నొగలు పైకి లేచి, గుర్రాలు కట్టి ఉండడం చూసి వాళ్లు ఎవరినీ ఏమీ అడగలేదు. గంపలు సీట్ల కింద తోసి ఎక్కి కూర్చున్నారు. ఏడు టాంగాలు ఒకదాని వెనక ఒకటి రోడ్డెక్కాయి. గజ్జెల మోత దూరమయ్యేదాకా మేమంతా రోడ్డు మధ్యన నిలబడి విన్నాం. తెల్లగుర్రం యజమాని నా సంచి తన భుజాన వేసుకుని బస్సు దాకా వచ్చాడు. ఆయన భార్య ఒక చెంబు మజ్జిగ తెచ్చి నేను తాగేదాకా పక్కనే నిలబడింది. అట్లాంటి మజ్జిగ నేను మళ్లీ తాగలేదు.

నెల తిరక్కుండానే సూర్యాపేట దవాఖాన ముందర పొద్దున్నే గుర్రాలు నిలబడడం మొదలైంది. వాడపల్లి నుంచి ఒకాయన రెండు రోజులు నడిపించుకుంటూ తెచ్చాడు. పెద్దవూర నుంచి గొర్లకాపరులు సామాను మోసే పొట్టి గుర్రాలను తెచ్చారు. నాల్‌బందు తాత తన సుత్తి, ఆకురాయి మా దవాఖాన వసారాలోకి మార్చుకున్నాడు. ఏ గుర్రం సూదికో, ఏది నాడాకో ఆయనే బయట తేల్చి లోపలికి పంపేవాడు. పెద్దాఫీసరు సంతకంతో మందుల పెట్టెలు వచ్చాయి, ఒక జత రబ్బరు తొడుగులు కూడా వచ్చాయి. ఒకనాడు పొద్దున తలుపు తీస్తే పద్నాలుగు గుర్రాలు వరసగా ఉన్నాయి. చొక్కా చేతులు మడిచి మొదటిదాని డెక్క పట్టుకున్నాను. ఆ సంవత్సరమంతా నేను ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు, పెట్టాలనిపించలేదు.